మురుగు కాలవ లేని కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ విప్పడం తెలిసినవాడికి మా చల్లపల్లి వైపు ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. మళ్ళీ బిగించడం వచ్చా రాదా అని ఎవరూ అడిగేవారు కాదు. చేతిలో స్క్రూడ్రైవర్ కనిపిస్తే చాలు, "ఇంజనీరు గారొచ్చారు, ఆ కుర్చీ ఇటు వెయ్యండమ్మా" అనేవారు. నేను విజయవాడలో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి వచ్చినవాణ్ణి. (ఆరు నెలలూ చేశాననడం కొంచెం ఎక్కువే. మధ్యాహ్నం క్లాసులూ మ్యాట్నీలూ ఒకే వేళకి పెట్టడం నా తప్పు కాదు కదా.) మా ఊరు ఘంటసాలలో కాలవ చివరనున్న పొలంలోకి దిగకుండా తప్పించుకోవడానికి ఆ సర్టిఫికెట్ ఒక్కటే నాకు ఆధారం. వంగి నాట్లు వేయడం, గట్ల మీద కాపలా కాయడం తలుచుకుంటేనే నాకు నడుం నొప్పి వచ్చేది.

ఆ సర్టిఫికెట్ చూసి నన్ను పనిలో పెట్టుకున్నాయన చల్లపల్లిలో కేబుల్ టీవీ నడిపేవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ ఊళ్ళో అందరూ ఆయన్ని డిష్షు మావయ్య అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. రోజూ సాయంత్రం ఆరింటికి తన లోకల్ చానెల్లో ఒక సినిమా వేసేవాడు. అంతకుముందు దాన్ని సీడీ ప్లేయరుతో నడిపేవాడు. "మావయ్యా, ఇంకా ఆ ప్లేయరేంటండీ, కంప్యూటర్లో అయితే సినిమాలన్నీ లోపలే ఉంటాయి, కింద ప్రకటనలు కూడా పరిగెత్తించొచ్చు" అని ఊదరగొట్టి, ఆయన చేత కంప్యూటర్ కొనిపించింది నేనే. దాన్ని ఆయన మేడ మీది రేకుల గదిలో పెట్టించిందీ నేనే.

రోహిణి కార్తె వచ్చింది. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నాకు మాత్రం కంప్యూటర్ ఆగిపోయింది. సినిమా సరిగ్గా గంట నడిచేది, లోపల వేడెక్కి బిగుసుకుపోయేది. తెర మీద బొమ్మ ఎక్కడిదక్కడ నిలబడిపోయేది. వెంటనే ఫోను మోగేది. అందరికంటే ముందు చేసేది పాత బస్టాండు దగ్గరుండే ఒక మామ్మ గారు. "ఏమబ్బాయ్, ఆ పెళ్ళికూతురు తలంబ్రాల పళ్ళెం పట్టుకుని పావుగంట నుంచి నిలబడే ఉంది. దాని చేతులు నెప్పెట్టవూ?" అని అడిగేది. నేను సారీ చెప్పేవాణ్ణి, పెళ్ళికూతురి తరఫున కూడా.

మూడు రోజులు వరసగా అదే సినిమా వేశాం, మూడు రోజులూ ఇదే తంతు. నాలుగో రోజు మావయ్య నన్ను పిలిచి, గొంతు పెంచకుండా చెప్పాడు. (ఆయన అరిస్తే భయం ఉండేది కాదు, మెల్లగా మాట్లాడితేనే భయం.) "ఇదిగోరా అబ్బాయ్, ఆదివారం మళ్ళీ అదే సినిమా వేస్తున్నా. జనం గొడవ పెట్టి మరీ వేయించుకుంటున్నారు. ఈసారి గానీ ఆగిందా, ఈ పెట్టెని ఆ మూలకి నెట్టి ప్లేయరు దింపుతా. నువ్వు మీ నాన్న దగ్గరికెళ్ళి హాయిగా వ్యవసాయం చేసుకో. ఆయనతో చెప్పేశాను కూడా."

ఆ చివరి మాటకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం పోతుందన్న బాధ ఒక ఎత్తు, నాన్న దగ్గర ఓడిపోయి నిలబడడం ఇంకో ఎత్తు.

లోపల గాలి చాలడం లేదని నేను తేల్చేశాను. పాత సామానులో పడున్న పవర్ సప్లైల నుంచి నాలుగు ఫ్యాన్లు ఊడదీశాను. చిక్కల్లా ఒకటే. ఆ మదర్‌బోర్డు మీద ఫ్యాన్లు తగిలించడానికని రెండు చోట్లే ఉన్నాయి, చోటుకి మూడు సన్నటి పిన్నులు. ఒకటి ప్రాసెసర్ ఫ్యానుకి పోగా మిగిలింది ఒక్కటి. నా దగ్గర ఫ్యాన్లు నాలుగు. నేనేం వెనకాడలేదు. నాలుగింటి వైర్లూ పళ్ళతో వొలిచి, ఎరుపూ నలుపూ విడివిడిగా మెలేసి, నల్ల టేపు చుట్టి, ఆ మూడు పిన్నులకే తగిలించేశాను. డబ్బా ముందు రెండు, పక్క తలుపుకి బెజ్జాలు పొడిచి ఒకటి, వెనక ఒకటి పెట్టాను. నాలుగింటినీ గాలి లోపలికే తోసేలా బిగించాను. వేడి ఉన్నది లోపలే కదా, గాలి పంపాల్సిందీ లోపలికే కదా! ఇంత తేలిక విషయం ఆ కంపెనీవాళ్ళకి ఎందుకు తట్టలేదా అని జాలి కూడా పడ్డాను.

స్విచ్చి వేశాను. మొదటిది బద్ధకంగా తిరిగింది. రెండోది దాన్ని చూసి తిరిగింది. మూడోది కాస్త ఊగింది, నాలుగోది నాకేసి చూస్తూ కూర్చుంది. పిన్నుల దగ్గర వేలు పెడితే చురుక్కుమంది. గబుక్కున ఆపేశాను.

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి నాన్న వచ్చాడు. ఆదివారం పొద్దున్నే వరి విత్తనాలు కొనుక్కోవడానికి ఊళ్ళోకొచ్చి, పనిలో పనిగా నన్ను ఎప్పుడు ఇంటికి తోలుకెళ్ళొచ్చో కనుక్కుందామని వచ్చాడట. విత్తనాల బస్తా గుమ్మం దగ్గర దించి, చుట్ట వెలిగించి, నా పక్కనే గొంతుక్కూచున్నాడు. నీళ్ళ వంతుల కోసం కాలవ పొడుగునా తగాదాలు పడ్డ మనిషి ఆయన. ఫ్యాన్లు ఎందుకు తిరగడం లేదో నేను నాకు తోచినట్టు చెప్పాను.

"అంటే, ఒక్క పిల్ల తూముకి నాలుగు చేలు కట్టావన్నమాట" అన్నాడు నాన్న. "శివారు చేనుకి నీళ్ళెలా వస్తయ్యిరా? మన పొలం చూసి కూడా నీకు తెలీలా?"

నాన్న డబ్బాలోకి తొంగిచూసి, చుట్టతో చూపించాడు.

"ఆ వేలాడుతున్నయ్యేంటి?"

"అవి సీడీ డ్రైవులకి కరెంటిచ్చే వైర్లు నాన్నా. పవర్ సప్లై నుంచి నేరుగా వస్తాయి."

"మరింకేం! పెద్ద కాలవ ఇంటి ముందు పారుతుంటే పిల్ల తూము మీద పడి ఏడుస్తావేంట్రా? కట్టు వాటికి!"

కట్టాను. (పసుపూ నలుపూ తీగలకే కట్టాలన్నది మాత్రం నాకు తెలుసు. అది పొద్దుటి క్లాసులో చెప్పారు.) నాలుగూ గిర్రున తిరిగాయి. నేను గెలిచినట్టు చూశాను. నాన్న మాత్రం పొగ వదులుతూ డబ్బా చుట్టూ చెయ్యి తిప్పుతున్నాడు. ముందు వదిలితే పొగ లోపలికెళ్ళింది. పక్కన వదిలినా లోపలికే. పవర్ సప్లైలోని చిన్న ఫ్యాను ఒక్కటే పాపం వేడిని వెనక నుంచి బయటికి తోస్తుంటే, పక్కనే నేను పెట్టింది దాన్ని తిరిగి లోపలికి లాగుతోంది.

"ఒరేయ్, మురుగెటు?" అన్నాడు.

"ఏంటి?"

"నాలుగు పక్కలా నీళ్ళు పెట్టావు, బాగానే ఉంది. మురుగు కాలవేదిరా? వచ్చిన నీళ్ళు పోయే దారి లేకపోతే చేను కుళ్ళదూ?"

వెనక ఫ్యాను విప్పి తిరగేసి బిగించాను. నాన్న మళ్ళీ ఒక దమ్ము లాగి ముందు వదిలాడు. పొగ ముందు నుంచి లోపలికెళ్ళి వెనక నుంచి తాపీగా బయటికొచ్చింది. సరిగ్గా ఆ వేళకే గదిలోకి వచ్చిన మావయ్య, తన కంప్యూటర్ చుట్ట కాలుస్తుండడం చూసి గుండె పట్టుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి సినిమా మొదలైంది. గంట దాటింది. తలంబ్రాల పళ్ళెం వచ్చింది. సినిమా చూసి పోదామని ఆగిపోయిన నాన్నతో సహా ముగ్గురం తెరకేసే చూస్తున్నాం. ఫోను మోగింది! మావయ్య నాకేసి చూశాడు. నేనే ఎత్తాను. మామ్మ గారే.

"అబ్బాయ్, ఇవాళ ఆపవేం? పొయ్యి మీద పాలు పెట్టాను. రోజూ ఇక్కడ ఆగుద్ది గదా, దింపొచ్చులే అనుకున్నా. ఒక్క నిమిషం ఆపు నాయనా!"

పెళ్ళికూతురు తలంబ్రాలు పోసేసింది. మామ్మ గారి పాలేమయ్యాయో నాకు తెలియదు. మావయ్య నా వీపు చరిచి, "ఎక్కడ నేర్చావురా ఇదంతా?" అన్నాడు. నేను నాన్న ముందే, ఏమాత్రం సిగ్గు లేకుండా, "కోర్సు పుస్తకంలో దీనికో చాప్టరే ఉందండీ మావయ్యా" అన్నాను. నాన్న బస్తా భుజానికెత్తుకుంటూ, "మంచి పుస్తకంలా ఉంది. కాస్త తీరిక దొరికితే నేనూ చదవాలి బావగారూ" అని, నన్ను రమ్మనకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ అబద్ధం అప్పుడు నాకు భలే తెలివిగా అనిపించింది. తర్వాత చాలా ఏళ్ళు గుచ్చుకుంది.

ఇప్పుడు నాకు బందరులో సొంత కంప్యూటర్ షాపు ఉంది. ఆ సర్టిఫికెట్ పటం కట్టించి గోడకి తగిలించాను. పొలం నుంచి పారిపోయినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా ఇనప డబ్బాల్లో కాలవలు తవ్వుతూనే ఉన్నాను. మొన్నీమధ్య నాన్న షాపుకొచ్చాడు. బల్ల మీద అద్దాల డబ్బా ఒకటి, లోపల రంగుల లైట్లతో ఏడు ఫ్యాన్లు. ఆయన చుట్ట మానేసి చాలా కాలమైంది. చుట్టూ తిరిగి చూసి, ఒక్క మాట అడిగాడు.

"మురుగెటు?"

వెనకా పైనా చూపించాను. అరచెయ్యి అడ్డం పెట్టి గాలి చూసుకున్నాడు. గోడ మీది పటం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "పుస్తకం బాగానే చదివావురా" అన్నాడు. అప్పుడు చెప్పాను, అలాంటి చాప్టరే లేదని. "తెలుసులే, టీ చెప్పు" అన్నాడు.