వాకిలికి ఎదురుగా కరెంటు స్తంభం

రత్నమ్మ ముప్పై ఏళ్ళ కాపురంలో ఏడు ఇళ్ళు మారింది. ఏడూ అద్దెవే. కుప్పంలో రెండు, పుంగనూరులో రెండు, మదనపల్లెలో మూడు. మొగుడు వెంకటేశులుకు ఏ ఊరి పిండి మిషన్లో పని దొరికితే ఆ ఊళ్ళో కాపురం. ఇంటివాళ్ళు మోటారు వేస్తే నీళ్ళు, లేకపోతే లేదు. రాత్రి తొమ్మిది దాటి లైటు వెలిగితే గొణుగుడు. దేవుడి పటాలు కూడా ఏడిళ్ళలోనూ ఎవరో కొట్టిన మేకులకే వేలాడాయి. ఇదీ ఒక బతుకేనా అంటారేమో, మనలో సగంమంది బతికేది ఈ బతుకే.

ఒకరోజు రాగులు, ఒకరోజు బియ్యం, మరోరోజు మిరపకాయలు. వెంకటేశులు ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుని ముప్పై ఏళ్ళు పిండి పట్టాడు. యాభై ఎనిమిదో ఏట ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. తిరుపతిలో డాక్టరు ఇక మందులతో అయ్యే పని కాదని, ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషను రాసిచ్చాడు. అది కరెంటు మీద నడిచేది. పగలూ రాత్రీ ముక్కుకు ఆ గొట్టం ఉండాల్సిందే.

ఆ ఏడాదే మదనపల్లెనుంచి అంగళ్లు ఊరికి పోయే దారిలో కొన్న రెండు సెంట్లలో ఇల్లు పూర్తయింది. రెండు గదులు. మంచం వేసే చోటు చూసుకుని, మిషను తీగ అందేటట్టు గోడకు కింద ఒక ప్లగ్గు పెట్టించింది రత్నమ్మ. మాఘమాసంలో పాలు పొంగించారు. వెంకటేశులు చిన్న ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. వీధిలో ఇంకా కరెంటు లేదు. అయినా లేచి గోడ పట్టుకుని నడుస్తూ స్విచ్చులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. మన ఇంట్లో మనం లైటేసుకుంటే అడిగేవాడు ఉండడని నవ్వాడు. సిలిండరులో గాలి తగ్గుతుంటే మళ్ళీ అద్దింటికి తీసుకొచ్చేశారు.

ఆ అద్దింటి యజమానురాలు సరస్వతమ్మ చెడ్డదేం కాదు. రోగికని రోజూ గంజి పంపేది. ఒకరోజు తనే వచ్చి, మంచానికి వినబడకుండా వరండాలో నిలబడి చెప్పింది.

"తప్పుగా అనుకోవద్దమ్మా. మనవరాలి పెండ్లి పెట్టుకోనుండాము. సెడ్డ నక్షత్రంలో ఏమన్నా అయితే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాల. ఆలోగా మీ ఇంటికి పోండి."

రత్నమ్మకు కోపం రాలేదు, సిగ్గేసింది. మొగుడు పోతాడని ఆమెకూ తెలుసు. ఒకరి వాకిట్లో, ఒకరి తిట్ల మధ్య పోకూడదు, సొంత ఇంట్లో పోవాలి. దేవుణ్ణి ఆమె అడిగింది ఆ ఒక్కటే. దానికి కావలసింది కరెంటు.

స్తంభాలు పాతడానికి మేస్త్రీ ఉమాశంకర్ మనుషులతో వచ్చిన రోజు ఆమె ఎదురెళ్ళి మజ్జిగ ఇచ్చింది. తీరా గుంటకు సున్నంతో వేసిన గుర్తు చూసి చెంబు కింద పెట్టేసింది. సరిగ్గా వాకిలికి నేరుగా ఉంది. ఎదురుగా స్తంభం ఉంటే ఇంటి యజమానికి కీడని చిన్నప్పటినుంచీ విన్న మాట. ఆమె ఆ గుర్తు మీద అడ్డంగా నిలబడింది.

"నాలుగడుగులు పక్కకు జరపప్పా."

"జరపాలంటే కరెంటాఫీసు సారు మళ్ళా వచ్చి కొలవాలమ్మా. మేము రేపు కలికిరి పనికి పోతాండాము. మళ్ళా ఎప్పుడొస్తామో సెప్పలేను."

మళ్ళీ వచ్చినప్పుడే పాతండని వాళ్ళను పంపించేసింది. ఇంటికొచ్చి వెంకటేశులుకు చెప్పింది. ఆయన మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"పాతనీకుండా యాల పంపిస్తివి? కంబం యాడుంటే ఏమి... నాకు గాలి రావాల గదా."

"యజమానికే కీడంట మామా. నువ్వు లేకుంటే ఆ ఇల్లు నాకు యాల?"

ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె దాన్ని అలక అనుకుంది.

తర్వాత ఇరవై రెండు రోజులు. రోజూ ఉమాశంకర్‌కు ఫోను చేసేది. కలికిరి పని అయింది, ఇంకో ఊరి పని మొదలైంది, సారు వచ్చి కొత్త గుర్తు వేశారు, వానకు ఆగింది. ఇరవై రెండోనాడు రేపు పొద్దున్నే వస్తామని అతనే చెప్పాడు. ఆ సాయంత్రం వెంకటేశులు, సిలిండరు పెట్టుకుని ఇప్పుడే మన ఇంటికి పోదామన్నాడు. సిలిండరు మూడు గంటలకు మించి రాదు. రేపు మిషనుతోనే పోదాం మామా అంది రత్నమ్మ. ఆయన సరేనని తలూపాడు. ఎప్పుడూ ఆమె మాట కాదన్న మనిషి కాడు.

పొద్దున ఎనిమిదింటికి, మిషను చక్కగా నడుస్తూ ఉండగానే, ఏడో అద్దింట్లో ఆయన ప్రాణం పోయింది. సరస్వతమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే వ్యాను ఎంతసేపట్లో వస్తుందని అడిగింది.

కొత్త ఇంటి ముందు వ్యాను ఆగేసరికి స్తంభం పాతేసి ఉంది. రత్నమ్మ కోరినట్టే నాలుగడుగులు పక్కకు, నిటారుగా. మధ్యాహ్నానికల్లా ఉమాశంకర్ తానే నిలబడి మీటరుకు కరెంటు ఇప్పించాడు. ఇవ్వగానే గదిలో ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. పాలు పొంగించిన రోజు వెంకటేశులు నొక్కిన స్విచ్చును ఎవరూ ఆపలేదు. రత్నమ్మ అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా అక్కడ తెగింది. నేనే నీకు మన ఇంటి గాలి లేకుండా చేస్తిని మామా అని నేలకు తల కొట్టుకుంది.

కూతురు సింధూజ హైదరాబాదునుంచి వచ్చేసరికి తెల్లవారుతుంది. ఎండలు ముదిరిన రోజులు. ఎవరో శవాన్ని పెట్టే ఫ్రీజరు పెట్టె తెచ్చారు. ప్లగ్గు ఎక్కడుందని అడిగారు. రత్నమ్మ లేచి, మిషను కోసం పెట్టించిన ప్లగ్గు చూపించింది. తీగ సరిగ్గా అందింది.

ఆమె పెట్టె పక్కన కూర్చుని వాకిలి వైపు చూసింది. ఎదురుగా ఏ స్తంభమూ లేదు. రేపు ఆయన్ను మోసుకుపోయేవాళ్ళకు దారి రోడ్డు దాకా తిన్నగా ఉంది.