గడప బయటి బతుకమ్మ

2011లో నేను ఇళ్లకు వెళ్లి పేషెంట్లను చూసే స్టాఫ్ నర్సుని. మకాం ఎల్‌బీ నగర్. అల్మాస్‌గూడలో ఒక కిరాయి గదిలో ఉండే రేణుక నా పేషెంట్. నల్గొండ వైపు నుంచి వచ్చి బట్టలు కుట్టుకు బతికేది. రక్త క్యాన్సర్ వస్తే తమ్ముడి మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఆ తర్వాత రోగాన్ని ఎదిరించే శక్తి ఒంట్లో మళ్లీ మొదటి నుంచి పుట్టాలి. అందాకా మనకు మామూలు జలుబే వాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆ గదిలోకి చుట్టాలు రాకూడదు, పూలు రాకూడదు. చెల్లెలు మంజుల అన్నం వండి గడప దగ్గర పెట్టి, మాస్క్ కట్టుకునే కిటికీలోంచి మాట్లాడి వెళ్లేది. మెడ కింద ఉన్న సెంట్రల్ లైన్‌ను, అంటే మందులెక్కించే గొట్టాన్ని, శుభ్రం చేయడానికి లోపలికి వెళ్లేది నేనొక్కణ్ణే.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఆ రోజు నాకు గొంతు గరగర, పొడి దగ్గు. వేరే నర్సును పంపమని ఫోన్ చేయాల్సింది. చేయలేదు. సమ్మెలోనూ వచ్చాడనిపించుకోవాలని ఉండింది.

"బస్సులు బందున్నయి గద, ఎట్లొచ్చినవ్ అన్నా?"

"నడిచొచ్చానమ్మా."

"ఆంధ్రోనివైనా మా సమ్మెల నువ్వే మస్తు నడుస్తున్నవ్" అని నవ్వింది.

పని అయ్యాక నన్ను కదలనివ్వలేదు. "మనిషి నోరు చూసి ఎన్ని దినాలాయెనో. అందరియి కండ్లే కనవడ్తయి. ఒక్కసారి మాస్క్ దించన్నా. మనిషి నవ్వితే మొఖం ఎట్లుంటదో మర్చిపోయిన."

దించాను. ఆమె చాలాసేపు చూసింది. మధ్యలో నాకు దగ్గొచ్చింది. మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అది చాలా చిన్న గది.

మర్నాడు సద్దుల బతుకమ్మ. మంజుల తాను పేర్చిన బతుకమ్మను వాకిట్లోనే, కిటికీకి ఎడంగా నిలబడి అక్కకు చూపించి తీసుకెళ్లింది. ఆ వెంటనే రేణుకకు జ్వరం, తర్వాత న్యుమోనియా. దవాఖానకు వెళ్లిన మనిషి మళ్లీ ఆ గదికి రాలేదు.

"వద్దన్నా పూలు తెచ్చి అక్కను పొట్టన వెట్టుకున్నది" అంది వాళ్ల పెద్దమ్మ, చావింట్లో అందరి ముందూ. మంజుల తల వంచుకుంది. పూలతో ఉండే భయం ఫంగస్ గురించి. రేణుకకు వచ్చింది ఫ్లూ, మనిషి నుంచి మనిషికి అంటుకునేది. ఆ సంగతి డాక్టరు నాకు అప్పటికే చెప్పాడు. నేనక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఒంట్లో నలతగా ఉంటే డ్యూటీకి వెళ్లకపోవడమే డ్యూటీ అని ఇప్పుడు కొత్త నర్సులకు చెబుతుంటాను. ఎందుకో మాత్రం చెప్పను. మంజుల ఆ ఏటి నుంచి బతుకమ్మ పేర్చడం మానేసిందని విన్నాను.

అమ్మా మంజులా, నీ పూలు గడప దాటలేదు. దాటింది నేను.