గుమ్మి వెనక గోడ

ఇలా చాప మీదికి జరగండి. చేతిలో చిక్కుడుకాయలుంటే వాటితోనే రండి, ఈనెలు తీస్తూ కూడా వినవచ్చు. నాకు కావలసింది మీ చెవులే గాని చేతులు కావు. నా చదువు మూడో తరగతి దాకే, అదీ నాట్ల కాలం వస్తే బడికి నాగా. కాని ఒకసారి చూసిందీ విన్నదీ నన్ను విడిచిపోదు. నా ఈడు ఆడవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇప్పుడు చెప్పబోయే మాట విని తలవంచుకుని నవ్వుకుంటారని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పని మీరూ చేసే ఉంటారు.

పోయిన నెలలో జనగామలో పొద్దుటి రైలెక్కి మహబూబాబాద్‌లో ఉన్న నా పెద్దబిడ్డ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురు, అంటే నా మనవరాలు, భూపాలపల్లిలో కాపురముంటుంది; భర్తకు అక్కడ బొగ్గు బాయిలో పని. తొలిచూలు, ఐదో నెల నడుస్తున్నది, తల్లి దగ్గర పదిరోజులు ఉండి పోదామని వచ్చింది. నేను ఆటో దిగి గేటు తీసేసరికి వాకిట్లో గచ్చు మీద సీసాలూ డబ్బాలూ బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఫినాయిల్, బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు, దోమల మిషన్‌లో పెట్టే సీసా, బొద్దింకల మీద కొట్టే మందు, బట్టల మధ్య వేసే కలరా ఉండలు, చివరికి గోళ్లరంగు కూడా. వాటి ముందు పీట వేసుకుని మనవరాలు ఒక్కొక్కటే ఎత్తి, వెనక ఉండే చీమతలకాయంత అక్షరాలను ఫోనులో పెద్దవి చేసుకుని చదువుతున్నది.

"సూడే అమ్మా, ఇల్లంత బయట పెట్టింది. ఇగ నన్నొక్కదాన్నే పెట్టలేదు," అన్నది నా బిడ్డ, నా చేతిలో సంచి అందుకుంటూ.

నేను నవ్వాను గాని, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాక ఒకటి గమనించాను. పిల్ల అన్ని సీసాలనూ ఒక్కొక్కసారే చదివి పక్కన పెడుతున్నది. యాసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా మాత్రం మళ్లీ మళ్లీ చేతిలోకి తీసుకుంటున్నది. వాటిని చదవడం లేదు, ఊరికే చూసి దించుతున్నది. ఆ చూపు నాకు తెలుసు. ముందుముందు ఏం చేయకూడదో తెలుసుకునేవాళ్ల చూపు కాదది, చేసేసినవాళ్ల చూపు. నలభై ఏళ్లు దాటింది, నేనూ ఒక గోడను అట్లాగే చూశాను.

మా అత్తగారిల్లు దేవరుప్పులకు రెండు మైళ్ల దూరంలో ఒక చిన్న ఊరు. మట్టిగోడల పెంకుటిల్లు, రెండు అర్రలు. లోపలి అర్రలో వడ్ల గుమ్మి ఉండేది, వెదురుతో అల్లి పేడతో అలికింది, నా కన్నా ఎత్తు. ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది గాని, అప్పుడు ఇంట్లోకి సీసాలు వచ్చేవే కావు. గిన్నెలకు పొయ్యిలో బూడిద, ఇత్తడి బిందెలకు చింతపండు తొక్కు, తలకు కుంకుడుకాయ. అయితే మందులే లేవని మాత్రం నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. పేలు పడితే చేనుకు చల్లే పొడినే ఆడపిల్లల తలకు రాసి గుడ్డ కట్టేవాళ్లు. ఆ పొడినే విత్తనం కందుల్లో కలిపి, ఆ చేత్తోనే కొంగు సవరించుకునేవాళ్లు. చేనుమందు డబ్బా ఖాళీ అయితే నాలుగుసార్లు కడిగి స్నానాల దగ్గర చెంబు చేసుకునేవాళ్లు. మాకు చదవడానికి అక్షరాలు లేవు, ఉన్నా చదివేవాళ్లు లేరు. ఆ రోజులే మంచివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాకు తొలిచూలు నిలిచాక నాలుగో నెలలో మన్ను మీదికి మనసు పోయింది. వానచినుకు పడి వాసన లేస్తే నోట్లో నీళ్లూరేవి. లోపలి అర్రలో గుమ్మికీ గోడకూ మధ్య ఒక మనిషి అడ్డంగా దూరేంత సందు ఉండేది. అక్కడ నా మోకాలెత్తున గోడ కొంచెం లోపలికి పోయి దోసెడు గుంతలా ఉండేది, అక్కడి మన్ను మెత్తగా, గోటితో గీరితే రాలేది. వడ్లు తీయడానికని పోయి, రెండు వేళ్లు తడిచేసుకుని గీరి నోట్లో వేసుకునేదాన్ని. ఎవరూ చూడలేదనుకునేదాన్ని. తిన్నాక కొంగుతో పెదవులు తుడుచుకుని, చాటలో వడ్లు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేదాన్ని.

అట్లా ఉండగా మలేరియా వాళ్లు వచ్చారు. భుజాన పంపులు, ఖాకీ బట్టలు. సామాను బయట పెట్టించి ఇంటిలోపల గోడలన్నిటికీ మందు కొట్టి, తలుపు మీద ఎర్ర జాజుతో తారీఖు రాసి, కొన్ని వారాలు గోడలు అలకవద్దని చెప్పి పోయారు. దోమల సంగతేమో గాని నల్లులు చస్తాయని మా అత్త సంబరపడి వాళ్లకు మజ్జిగ కూడా ఇచ్చింది. మంచాలు, కుండలు, బట్టల పెట్టె అన్నీ వాకిట్లోకి వచ్చాయి. నిండు గుమ్మి మాత్రం కదలలేదు, దాని మీద దుప్పట్లు కప్పాము. గుమ్మి కదలలేదు కాబట్టి దాని వెనకకు మందు పోలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మనసు అడిగినప్పుడు బుద్ధి ఎంత తొందరగా సాక్ష్యం చెబుతుందో చూడండి. మర్నాటి నుంచి మళ్లీ నా రెండు వేళ్లు, నా గుంత.

ఎనిమిది రోజులు గడిచాయి. గోడల మీంచి రాలిన బొద్దింకలను ఊడ్చి పారేస్తుంటే, మా అత్త ప్రాణంగా పెంచుకునే నల్లకోడి వాటిని ఏరుకుని తిన్నది. ఆ పగలే వాకిట్లో మెడ వాల్చి పడిపోయింది. దాన్ని చూసి నేను నేరుగా గుమ్మి వెనకకు పోయాను. ఇంటి పైకప్పులో అద్దం పెంకు ఒకటుండేది. మిట్టమధ్యాహ్నం దాని వెలుతురు ఆ సందులోకి ఒక చారలా పడేది. ఆ వెలుతురులో చూస్తే గోడ మీద పైనుంచి తెల్లటి ధారలు కారి, సరిగ్గా నా గుంతలోకి వచ్చి ఆరి ఉన్నాయి. పంపు గొట్టం గుమ్మి పైనుంచి వంచి కొట్టారన్నమాట.

ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. కడుపులో బిడ్డ కదిలితే బాధతో కదులుతున్నదేమో అనుకునేదాన్ని, కదలకపోతే కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు, పెద్దగా నవ్వి నలుగురిలో అంటాడని. మా అమ్మకు చెబుదామంటే ఆమె కేసముద్రం అవతల. అత్తకు చెప్పడమంటే, మీ గోడ తిన్నాను, మీ వంశానికి మందు పెట్టాను అని నా నోటితో నేను చెప్పడమే. పదిహేను రోజులు మోశాను. బిడ్డ బరువు కన్నా అదే బరువుగా ఉండేది.

పదహారో రోజు మా అత్త చాటలో బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆపి, నా మొహం వైపు చూడకుండానే అడిగింది, ఎన్నాళ్లయింది నువ్వు కడుపునిండా తిని, ఏం దాస్తున్నవని. అంతే, నాకు ఏడుపు ముందు వచ్చింది, మాట తరువాత వచ్చింది. కోడి సంగతీ, గుంత సంగతీ, తెల్లటి ధారల సంగతీ అన్నీ చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని గుమ్మి వెనకకు తీసుకుపోయింది. వంగి ఆ గుంతలో తన అరచెయ్యి పెట్టింది. చెయ్యి అందులో సరిగ్గా ఇమిడింది.

"ఇంత గుంత రెండు నెలల్ల నువ్వొక్కదానివే తవ్వినవనుకున్నవా పిల్లా? సగం నాది. నాకంటె ముందటిది మా అత్తది. మన్ను తిన్నందుకు నేను నిన్నేమనను. మందని తెల్సినంక పదిహేను రోజులు దాచినవు సూడు, గందుకు కొట్టాలె నిన్ను."

కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే బస్సులో జనగామ దవాఖానకు తీసుకుపోయింది. దారి పొడుగునా నాకు నేర్పింది, డాక్టరమ్మ అడిగితే అన్నీ చెప్పు, సగం చెబితే సగం వైద్యమే చేస్తారని. కాని లోపలికి పోయాక నేను అత్త వీపు వెనక దాక్కున్నాను. అప్పుడు మా అత్త, జనగామ డాక్టరు ముందు నోరు విప్పడం తనకూ అదే మొదటిసారి అయినా, కొంగు నిండుగా కప్పుకుని నిలబడి చెప్పింది.

"అమ్మా, మా కోడలు గోడ తిన్నది. గోడకు మలేరియోల్ల మందున్నది. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి, గోడ నాది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక ముందు నవ్వింది, ఆ తరువాత ఇద్దరినీ తిట్టింది. నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు, మన్ను మీదికి మనసు పోవడం అందుకే అని చెప్పి మాత్రలు రాసింది. ఆ మందు మంచిది కాదు, ఇక గోడ జోలికి పోవద్దు, పోయిన దాని గురించి నేను ఒట్టేసి చెప్పలేను గాని, బిడ్డ గట్టిగానే ఉంది అన్నది. ఆ మాట అనే ముందు ఒక గొట్టం నా కడుపు మీద ఆనించి చెవి పెట్టి విన్నది. మా అత్త ఊరుకుంటుందా, నేనూ వింటానని అడిగి వంగి చెవి పెట్టింది. కళ్లు మూసుకుని చాలాసేపు విని, "గుర్రం ఉరుకుతున్నట్టే ఉన్నది," అని నా వైపు చూసింది. పదిహేను రోజుల తరువాత ఆ పూట దవాఖాన ముందర చెట్టు కింద నేను సద్దిమూట విప్పి కడుపునిండా తిన్నాను.

ఇంటికి వచ్చాక మా అత్త, వద్దన్నా వినకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ గుంతను తడిపి గీకి, ఆ మన్నంతా ఊరి బయట పాతిపెట్టి వచ్చింది. చెరువుమట్టి తెచ్చి గుంత పూడ్చింది. చేనుమందులన్నీ పశువుల కొట్టంలో, చేతికందని ఎత్తుకు ఎక్కించింది. నా కోసం ఒక పని చేసింది, దాన్ని నేను చచ్చేదాకా మరవను. చిన్న ముంతలో ఎర్రమట్టి బెడ్డ వేసి, నీళ్లు చిలకరించి నా మంచం పక్కన పెట్టింది. వాసన చూడు, నోట్లో పెట్టకు అని చెప్పి, నోట్లోకి మాత్రం పుట్నాలూ బెల్లం చేతికిచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని చేతిలోంచి అందుకుని మా అత్త ముందుగా వేళ్లు లెక్కపెట్టింది, తరువాత నేను లెక్కపెట్టాను, ఆ తరువాతే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఈ కథ ఇన్నేళ్లూ నాకూ మా అత్తకూ ఆ డాక్టరమ్మకూ తప్ప ఇంకో మనిషికి తెలియదు. మొన్న ఆ సీసాల ముందు మనవరాలికి చెప్పేటప్పటికి, తలుపు దగ్గర నిలబడి నా బిడ్డ కూడా విన్నది. "అంటే ఆ గోడ తిన్నది నేనా? అందుకేనా మీ అల్లుడు నాతోటి మాట్లాడితే గోడతోటి మాట్లాడినట్టే ఉన్నదంటడు," అన్నది. ముగ్గురం నవ్వాము. నవ్వుతూ నవ్వుతూనే పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అమ్మమ్మా, నేను ఆ రెండూ కలిపిన," అన్నది.

మూడో నెలలో క్వార్టర్ బాత్రూంలో మరకలు పోవడం లేదని, ఒకదానితో పోనిది రెండిటితో పోతుందని, యాసిడ్‌లో బ్లీచింగ్ పొడి పోసిందట. గుప్పున ఘాటు లేచి గొంతు పట్టేసిందట, కళ్లు మండాయట. తలుపు తెరుచుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నదట, భర్త బాయి నుంచి వచ్చేసరికి తగ్గిందట. తిడతాడని చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఫోనుకు చెబుతున్నది. ఫోనును ఎంత అడిగితే అంత భయం పెడుతుంది గాని చెయ్యి పట్టుకుని గుమ్మి వెనకకు తీసుకుపోదు గదా. నేను అన్నాను, పద బిడ్డా, తిట్టేదుంటే నన్ను తిట్టమంటా డాక్టరమ్మను, మన ఇంటి ఆడవాళ్లకు ఇది వంశంలోనే ఉన్నదని చెబుతా.

మర్నాడు ముగ్గురం ఆటోలో పోయాము. డాక్టరమ్మ అన్నీ అడిగింది, ఎంతసేపు పీల్చావు, ఆయాసం వచ్చిందా, తరువాత ఎట్లా ఉంది అని. స్కానింగ్ చేసి, బిడ్డ ఎదుగుదల సరిగ్గానే ఉంది, ఆ రెండూ ఎప్పటికీ కలపవద్దు, ఏది వాడినా తలుపులు తెరిచి వాడు, ఇంకోసారి ఇట్లాంటిదైతే ఆ రోజే రా అని గట్టిగా చెప్పింది. తరువాత మిషన్ చప్పుడు పెంచింది. గదంతా నిండిపోయింది. నాకు గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. మా అత్త విన్న గుర్రమే, ఇన్నేళ్లకూ అలవకుండా ఉరుకుతూనే ఉంది.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, గుమ్మి లేదు, అక్కడ మా చిన్నోడు స్లాబు వేశాడు. మంచిదే, గోడలకు రంగులున్నాయి, సీసాలకు మూతలున్నాయి, మూతల మీద హెచ్చరికలున్నాయి. అప్పుడు మాకు తెలియనివన్నీ ఇప్పటి పిల్లలకు తెలుసు. కాని ఆ నున్నటి గోడల్లో ఎక్కడా ఒక గుంత లేదు, తమకన్నా ముందు ఇంకొకరు ఇక్కడ తప్పు చేసి, భయపడి, బిడ్డను కని, నవ్వుతూ బతికారని చెయ్యి పెట్టి చూసుకోవడానికి. అందుకే నేను ఈ కథను ఇక దాచడం లేదు.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి. మీ ఇంటి కోడళ్లూ కూతుళ్లూ తమ భయాన్ని మీ ముందర చెప్పుకునేటట్టు మీ నోరు చల్లగా ఉండుగాక. మీ ఇంట పుట్టే ప్రతి బిడ్డకూ వేళ్లు లెక్కపెట్టే చేతులు రెండు జతలు ఉండుగాక.