పావుసేరు రాళ్ల బరువు

హుస్నాబాద్ అంగడి వీధిలో ఆ సావుకారు పొట్ట పొద్దున్నే గడప దాటేది. మనిషి మధ్యాహ్నానికి గానీ బయటపడేవాడు కాదు. నేను ఒకటికి పది చెబుతానని ఊళ్లో పేరుంది. ఈయన విషయంలో మాత్రం పదికి ఒకటే చెబుతున్నాను, కాగితం చాలదని.

అప్పట్లో నాది అవుసుల పని, బంగారం కరిగించి నగలు చేయడం. కుంపటి, ఊదుగొట్టం, గీటురాయి: బాపు నాకు అప్పగించిన ఆస్తి అంతే. ఆయన దమ్ముతో మంచం పట్టినప్పుడు, మందులకని అవ్వ, నన్ను కన్నతల్లి, తన మెడలోని నానును సావుకారు దగ్గర కుదువ పెట్టింది. పెళ్లికి బాపు స్వయంగా అల్లిన బంగారు తాడు అది. కొక్కెం దగ్గర జొన్నగింజంత ముడి వేశాడు. నిజాం ఖజానా తాళాలన్నీ కలిపినా ఆ ముడంత గట్టివి కావని అవ్వ అనేది. సావుకారు చిట్టీ రాయలేదు, రసీదు ఇవ్వలేదు. ఆయన ఎవరికీ ఇవ్వడు. సంపాదన కాగితం మీదికి ఎక్కిందంటే దానికి పన్ను పుడుతుందని ఆయన నమ్మకం.

బాపు పోయాడు. నెల తిరిగాక అసలూ మిత్తీ పట్టుకుని నేను వెళితే, సావుకారు పంచాంగం తిరగేశాడు.

"వాయిదా నిన్న పొద్దుగూకంగనే అయిపాయె గదనయ్యా. ఒక్క పూట ముందుగాల రాకపోతివి."

"వాయిదా నిన్నటిదని చిట్టీ ఏది సేటూ?"

"ఉంటే నువ్వే సూపియ్యి."

వారం తిరక్కుండానే కరిగించమని మూట పంపాడు. అందులో పది ఊళ్ల ఆడవాళ్ల మెడలూ చెవులూ ముక్కులూ ఉన్నాయి. వాటి మధ్య ఆ జొన్నగింజ ముడి. ఎదురుగా అవ్వ కూర్చుని ఉంది. నేను మూట తిరిగి కట్టబోయాను.

"కరిగియ్యి కొడుకా," అంది. "నువ్వు కాకపోతే ఇంకోడు కరిగిస్తడు. కడ్డీ ఏడికి పోతదో ఎరుకల పెట్టుకో."

మూటలోని బంగారమంతా ఒక ఎత్తు, ఆ ముడి ఒక్కటీ ఒక ఎత్తు. అది కరగడానికి నాలుగింతల సేపు పట్టింది. ఊదిన నాకే తెలుసు.

కొన్నాళ్లకు ఢిల్లీ సర్కారు బంగారం మీద కట్టడి తెచ్చింది. నగలు కాని బంగారం ఎంతుందో చెప్పాలి. పద్నాలుగు క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదు. దాచినవాళ్ల కోసం విసిరిన వల అది. ముందు దొరికింది నేను. పద్నాలుగు క్యారెట్ల పుస్తెలు ఎవరు కట్టించుకుంటారు? నా కుంపట్లో పిల్లి ఈని, ఆ పిల్లలు పెద్దవై వాటి దారి అవి చూసుకున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే సావుకారు కడ్డీలు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మా దుకాణంల పాత పావుసేరు రాళ్లున్నయి. కిలోలు వచ్చినంక వాటి దిక్కు ఈగ గూడ సూస్తలేదు. ఈ బంగారంతోని గట్లాంటియే రెండు పోసియ్యి. పైన నల్లరంగు పుయ్యి. సర్కారోడు నా ఇల్లంత తవ్వుతడు గని, కండ్ల ముందటి రాళ్లను సూడడు."

"అచ్చం గట్లనే దిగుతయి సేటూ."

"నోరిప్పితే ముందుగాల బేడీలు నీ చేతులకే. యాదుంచుకో."

ఆయన జీవితంలో ఆడిన నిజం అదొక్కటే. నాను సంగతి ఆయనకు గుర్తు కూడా లేదు. మింగినవాడికి ఏ ముద్ద ఎవరిదో గుర్తుండదు.

పోశాను. పైనున్న సేరు గుర్తూ, అంచున సొట్టా కూడా దించాను. సావుకారు పాత రాళ్లు తీసేసి, గద్దె పైనున్న అరలో వీటినే పెట్టుకున్నాడు. కానీ ఆకారం ఒకటైనంత మాత్రాన బరువు ఒకటి కాదు. అదే కొలతకు బంగారం ఇనుముకు రెండున్నర రెట్లు తూగుతుంది. తక్కువ తూగే రాళ్లతో బతికినవాడికి, ఎక్కువ తూగే రాయి కూడా మనిషిని పట్టిస్తుందని తోచలేదు.

అవ్వకు తోచింది.

"తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తడు గద, ఆయన ఎత్తిసూడడా?"

"ఎత్తితే నాకే బేడీలు పడతయి అవ్వా."

"రాళ్లు నావి అని వాడు అంటెనే గద, పోసినోడివి నువ్వైతవు. వాడు ఏనాడన్న ఒక్కటన్న నాది అని రాసిండా?"

ఆ ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వచ్చి కిలోరాళ్లకు ముద్ర వేసేవాడు. ఆ ఏడు ఆయన సావుకారు గద్దె మీద కూర్చుని ఉండగా అవ్వ దుకాణానికి వెళ్లింది. నేను పక్క దుకాణం స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. నా పట్టుకు ఆ స్తంభం ఇప్పటికీ వదులుగానే ఉంది.

"పావుసేరు చింతపండు జోకు కొడుకా."

"ఇప్పుడు సేర్లు లేవవ్వా, కిలోలే."

"నాకు కిలో గిలో సమజ్ కాదు. పైన పావుసేరు రాళ్లున్నయి గద, గవ్విటితోని జోకు."

"అవి పనికిరావు."

"పనికిరాని రాళ్లను దేవునోలె వరుసగ ఎందుకు పెట్టినవ్?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు. చేయి చాచి ఒక రాయి అందుకున్నాడు. చేయి రాయితో పాటే కిందికి దిగింది. దాన్ని తక్కెట్లో వేసి అవతల పావుకిలో పెట్టాడు, లేవలేదు. అరకిలో పెట్టాడు, అప్పుడూ లేవలేదు.

"ఇరవై ఏండ్ల నౌకరీల తక్కువ తూగే రాళ్లనే పట్టిన," అన్నాడు. "గిరాకికి ఎక్కువ జోకే సావుకారును ఇయ్యాల్నే సూస్తున్న."

మేకుతో గీకాడు. నలుపు కింద పసుపు పలికింది.

"ఈ రాళ్లు నీయేనా?"

సావుకారు నా వైపు చూశాడు. అవునంటే తనతో పాటు నన్నూ లాక్కుపోగలడు. నా గుండె ఆగి, హుస్నాబాద్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది.

"నాయి కావు," అన్నాడు. "ఎవలో పెట్టి పోయిండ్రు."

బంగారమో కాదో తేల్చమని నన్నే పిలిచారు. ఇంటికి వెళ్లి గీటురాయి తెచ్చి, తొందరేమీ పడకుండా, సావుకారు కళ్ల ముందే గీశాను.

"సొక్కం బంగారం సార్. సేటుది కాదన్నది నిజమే. గింత మంచి సరుకు గీ దుకాణంల ఎన్నడు దొరకలే."

పంచనామా రాశారు. ఆ బంగారం తనది కాదని సావుకారు కింద సంతకం చేశాడు. ఆయన రాసిచ్చిన మొదటి చిట్టీ అది. సంతకం సగంలో ఆయన చేయి ఆగింది. నాకు జాలి వేయలేదు. ఇప్పటికీ వేయడం లేదు. అవ్వ అయితే చింతపండు జోకించుకునేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

రాళ్లు సర్కారు సంచిలో పోయాయి, వాటితో నానూ పోయింది. గీటురాయికి అంటిన బంగారాన్ని మేము మైనంతో ఒత్తి తీసుకుంటాం. ఆ గీతను మాత్రం నేను తీయలేదు. అందులో పది ఊళ్ల మెడలున్నాయి. అవ్వ అప్పుడప్పుడు రాయిని ఎండకు తిప్పి చూసుకుని, "గిది నాదే," అంటుంది.

చట్టం ప్రకారం అదీ నగ కాని బంగారమే. దాని సంగతి మేము ఎవరికీ చెప్పలేదు, చెప్పం కూడా.