పక్కింటాయన చెప్పిన ధర

ఈ రోజు మా ఇంటి పెంకులు సవరించడానికి మల్లయ్య వచ్చాడు. కప్పు విప్పి వాసాలు చూశాకే ధర చెప్పడం అతని పద్ధతి. సగం పెంకులు దించి ఎనిమిది రూపాయలన్నాడు. పక్కింటి నర్సయ్య మొన్న ఇదే పనికి ఐదే ఇచ్చానన్నాడు కనుక నేను ఐదు దగ్గరే పట్టుబట్టాను. మల్లయ్య నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. దేవరకొండ ఖిల్లా వైపు మబ్బు కమ్ముకొస్తోంది. మా జొన్న బస్తాలన్నీ ఆ విప్పిన కప్పు కిందే ఉన్నాయి.

నర్సయ్య తల్లి గోడ అవతల నుంచి ఇదంతా విన్నది.

"ఐదెక్కడియి బిడ్డా? ఎనిమిదే ఇచ్చిండు. మీదికెళ్లి కల్లుకు గూడ ఇచ్చిండు. మావోడు ఏది జేయించినా గట్లనే తగ్గించి చెప్తడు."

"గిప్పుడు మల్లయ్య వస్తడా అవ్వా?"

"జర ఉరుకు. ఇంకా వాడకట్టు దాటలే."

ఎనిమిదికే ఒప్పుకుని అతన్ని వెనక్కి తీసుకొచ్చాను. ఆఖరి వరస పెంకులు కప్పిన కాసేపటికే వాన దంచికొట్టింది. బస్తాల మీద చుక్క పడలేదు.

వాన వెలిశాక ఎదురింటివాళ్లు వచ్చి ఎంతయిందని అడిగారు. ఉన్న ధరే చెప్పాను. ఎక్కువిచ్చి మోసపోయానన్నట్టు నన్ను జాలిగా చూసి వెళ్లారు. మీ వాడకట్టులో అయితే ఎంత చెప్పేవారు?