సత్తవ్వ, నాలుగేండ్లు, గత్తర

మా అమ్మమ్మ సత్తవ్వకు డెబ్బయి ఆరేండ్లు. కోరుట్లల యాభై ఏండ్లు బీడీలు చేసింది. ఆమె నోట్ల పడితే బతికి బట్టకట్టుడు కష్టం. మిగిలిన కోరిక ఒక్కటే. మేడిపల్లి చర్చి బొందలగడ్డల తల్లి పక్కపొంటి తనను పెట్టాలె. జాగ తక్కువున్నది, మీ ఇంటోళ్ల పేర్లు పాత పుస్తకంల చూడాలె అని పాస్టర్ దివాకర్ అన్నడట. పోదాం పా అని నా పానం తీసింది.

పాస్టర్ అట్టలూడిన రిజిస్టర్ ముందటేసిండు. చెదలు తిన్నంత తినంగ, మా తాతమ్మ, అంటే అమ్మమ్మ తల్లి, పిల్లల పేర్లు దొరికినయి. గత్తర, అదే కలరా, తగిలిన ఏడు ఒక్క వారంల నలుగురిని బొంద వెట్టిన్రు. నాలుగో పేరు కాడ నా వేలు ఆగింది. సత్తవ్వ, నాలుగేండ్లు, గత్తర. తాతమ్మ పక్క జాగ గా పిల్లదే.

అమ్మమ్మకు చదువు రాదు. ఏం రాసున్నదే అని నిలదీస్తే చెప్పక తప్పలే. నవ్వుతదనుకున్న, నవ్వలే. తాతమ్మ ఏటా గా చిన్న సమాధికి సున్నమేసి కొవ్వొత్తి వెట్టేదట. ఈమెను మాత్రం గేటు దాటి లోపలికి రానియ్యకపోయేదట.

"మరి నేనెవరినే?" అన్నది.

పాస్టర్ కూడ గాబరై, తవ్వి చూద్దామన్నడు. బొందలు తవ్వే ఆగయ్య మోకాలు లోతు పోయిండో లేదో, గడ్డపార టక్కుమన్నది. ఎముకల్లేవు. మసాలా నూరే పొత్రం ఉన్నది. దానికి తొడిగిన గౌనుకు రెండు గుండీలే మిగిలినయి. పురుడు నాడు పిల్లకంటె ముందుగాల తొట్టెల్ల పండవెట్టే పొత్రమే అదని అమ్మమ్మ గుర్తువట్టింది. ముగ్గురు పోయినంక, నాలుగోది కూడ పోయిందని గత్తరను నమ్మియ్యాలెనని తాతమ్మ దాన్ని బిడ్డలెక్క బొంద వెట్టింది. అప్పటి పాస్టర్ నిజమే అనుకొని రాసుకున్నడు.

దివాకర్ ఊపిరి పీల్చుకున్నడు. జాగ నీదేనమ్మా, గీ పేరు కొట్టేస్తే అయిపాయె అని పెన్ను తీసిండు. అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"కొట్టెయ్యకు అయ్యగారూ. డెబ్బయి రెండేండ్ల సంది సావు నన్ను ఎతుకుతలేదు."

పుస్తకంల పేరుంటే గా జాగ ఇంకొకలకు ఇయ్యరాదని ఆయన మెల్లగ చెప్పిండు. తల్లి సమాధి దిక్కు చూసి ఆమె ఏడ్చింది. గంత ఏడుపు నేనెన్నడు చూడలే, నాకు కూడ ఆగలే. ఆఖరికి జాగ వద్దన్నది. పొత్రాన్ని కొంగుతోని తుడిచి, మళ్ల పండవెట్టి, మట్టి తానే పోసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల కండక్టర్ ఆధార్ అడిగిండు. ఆడోళ్లకు టికెట్ ఫిరీ గదా, కార్డు ఆమె సంచిలనే ఉన్నది. అమ్మమ్మ తియ్యలే. దాని మీద పేరుంటదని, పైసలిచ్చి టికెట్ కొనుక్కున్నది.