డ్రమ్ము తోలు మీద సంతకాలు

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో తెనాలి నుంచి పనిమీద వచ్చి, బాలానగర్‌లో మూసాపేట బస్సెక్కాను. పక్కసీట్లో ఖాకీ చొక్కా ఫిట్టర్ ఒళ్లో చిరిగిన డ్రమ్ము తోలు ఉంది. దాని నిండా సంతకాలు.

"ఎవరివండీ ఇవి?" అని అడిగాను.

"మాది పంక్ పాటల బ్యాండ్ సార్, ఇంగ్లీషోళ్ల తీరు గట్టిగ ఒర్లుకుంట పాడుతం. లొల్లి ఆపుమని మా మీదికి కొట్లాటకొచ్చినోళ్లవి. వాళ్లతోనే రాయించి దాస్తున్నం."

"మరి మెచ్చుకున్నవాళ్లవి?"

"వాళ్లు సగంలనే చాయ్‌కి పోతరు. తిట్టేటోడే ఆఖరుదాంక వింటడు."

నాకు ఆసక్తి పుట్టి ఒక పాట పాడమన్నాను. ముందుసీటు రేకు మీద రెండు చేతులా బాదుతూ గొంతు చించుకున్నాడు. బస్సంతా మావైపు తిరిగింది. ఆఖరిదాకా ఓర్చుకున్నాను. మళ్లీ అందుకోబోయాడు.

"ఇక ఆపవయ్యా బాబూ!" అని అరిచాను.

అతను నవ్వుతూ తోలు నా ఒళ్లో పరిచి, పెన్ను ఇచ్చాడు. ఇంటిపేరుతో సహా రాశాను.